జలప్రళయం కోసం తవ్విన మతాచార్యులు

రోడ్డు మీద ఎముకలు

1821 వేసవిలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, కిర్క్‌డేల్ అనే ఊరి దగ్గర సున్నపురాయి కొడుతున్న కూలీలకు చరియలో ఒక కన్నం కనిపించింది. మనిషి పాక్కుంటూ తప్ప వెళ్లలేని ఇరుకు దారి. లోపల నేలంతా ఎముకలు. ఎప్పుడో అంటురోగం వచ్చి చచ్చిన పశువుల్ని ఇందులో పారేసి ఉంటారని కూలీలు అనుకున్నారు. రాళ్లతోపాటు ఆ ఎముకల్నీ తట్టలకెత్తి రోడ్డు గుంతల్లో పోశారు. సంగతి తెలిసినవాళ్ల కంట పడేదాకా ఏనుగు ఎముకల మీదా ఖడ్గమృగం ఎముకల మీదా బండ్లు నడిచాయి.

ఆ డిసెంబరులో విలియం బక్‌లాండ్ ఆ గుహ చూడటానికి వచ్చాడు. ఆక్స్‌ఫర్డ్‌లో భూవిజ్ఞానం పాఠాలు చెప్పేవాడు. ఆంగ్లికన్ చర్చి గురువు కూడా. ఆ కాలపు ఆక్స్‌ఫర్డ్‌లో ఈ రెండు ఉద్యోగాలూ ఒకే మనిషికి ఉండటం వింతేమీ కాదు. 1819లో తన ప్రారంభోపన్యాసంలోనే అతనొక పూచీ ఇచ్చాడు: భూవిజ్ఞానం మతానికి శత్రువు కాదు, ఆదికాండంలో చెప్పిన జలప్రళయం నిజంగా జరిగిందని రాళ్లే సాక్ష్యం చెబుతాయి అని. ఆ సాక్ష్యం కిర్క్‌డేల్‌లో చేతికందేలా కనిపించింది. ఏనుగులూ నీటిఏనుగులూ చలిదేశమైన ఇంగ్లండ్‌కు ఎలా వచ్చాయి? ప్రళయం వాటి కళేబరాల్ని ఉష్ణదేశాల నుంచి ఈడ్చుకొచ్చి పడేసి ఉంటుందన్నది అప్పట్లో తోచే మొదటి జవాబు.

బైబిలునూ విజ్ఞానాన్నీ పక్కపక్కన పెట్టే చర్చలు సాధారణంగా గెలీలియోతో మొదలవుతాయి. ఒక పక్క చర్చి, ఇంకో పక్క శాస్త్రవేత్త, మధ్యలో విచారణ. జలప్రళయం కథ అలా రెండు పక్షాలుగా విడిపోదు. నోవహు కాలపు నీళ్లు లోకాన్నంతటినీ ముంచాయన్న మాటను పరీక్షకు పెట్టినవాళ్లలో ముఖ్యులు విశ్వాసులే. నిలవదని తేల్చిందీ వాళ్లే. తేల్చాక కూడా ఆదివారం ప్రసంగ వేదిక ఎక్కడం మానలేదు. సత్యానికీ విశ్వాసానికీ ఉన్న సంబంధం గురించి గెలీలియో విచారణ నేర్పని పాఠం ఒకటి ఇందులో ఉంది.

కొండ మీద చిప్పలు

ప్రకృతిలో ప్రళయం ఆనవాళ్లు వెతకడం బక్‌లాండ్ కంటే చాలా పాత అలవాటు. సముద్రానికి ఎంతో దూరంలో, కొండరాళ్లలో ఆలుచిప్పలు ఇరుక్కుని ఉండటం జనం ఏనాడో గమనించారు. నీళ్లు కొండల్ని ముంచాయి గనకే అవి అక్కడికి చేరాయనుకున్నారు. పదహారో శతాబ్దం మొదట్లో లియొనార్డో డావిన్చీ తన నోటు పుస్తకంలో ఈ జవాబుకు లెక్క కట్టాడు. బతికున్న చిప్పజీవి ఇసుకలో గాడి చేసుకుంటూ రోజుకు మూడు నాలుగు మూరలకు మించి జరగదు. అలాంటిది ఆడ్రియాటిక్ సముద్రం నుంచి 250 మైళ్ల అవతల ఉన్న కొండలకు నలభై రోజుల్లో ఎలా నడిచింది? చచ్చిన చిప్పల్ని నీళ్లే మోసుకొచ్చాయందామంటే, రెండు పెంకులూ జత విడిపోకుండా, చిన్నవీ పెద్దవీ కలిసి, బతికినప్పుడు ఉన్నట్టే గుంపులుగా ఎందుకున్నాయి? పైగా అవి ఒక్క పొరలో లేవు, పొర మీద పొరగా ఉన్నాయి. ఒకే ఒక్క వరద అలా పేర్చలేదు. ఆ నేల ఒకనాడు సముద్రం అడుగున ఉండేదని లియొనార్డో నిర్ణయానికి వచ్చాడు. ఆ రాతలు అప్పట్లో అచ్చు కాలేదు. దాంతో ఈ సంగతిని మిగతా లోకం మళ్లీ మొదటి నుంచీ కనుక్కోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు, 1726లో, జ్యూరిక్ వైద్యుడు యోహాన్ షాయ్‌ఖ్‌జర్ ఓనింగెన్ రాతిగనిలో దొరికిన ఒక అస్థిపంజరాన్ని లోకానికి చూపించాడు. గుండ్రటి పుర్రె, పెద్ద కంటి గుంటలు, వెన్నుపూసల వరస. ప్రళయంలో మునిగి చచ్చిన పాపి ఇతడేనని, ప్రళయాన్ని కళ్లారా చూసిన మనిషి అని లాటిన్‌లో పేరు పెట్టాడు. ఆ రాతిపలక చివరికి హాలండ్‌లో హార్లెమ్ నగరంలోని మ్యూజియం చేరింది. 1811లో ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త జార్జ్ కువియే అక్కడికి వెళ్లాడు. రాతిలో ఇంకా దాగి ఉన్న భాగాన్ని చెక్కుతానని అనుమతి అడిగాడు. ఇది మనిషి కాదు, సాలమాండర్ అనే ఉభయచరం అయి ఉండాలి, అదే నిజమైతే ఫలానా చోట ముంగాళ్లు బయటపడాలి అన్నది అతని ఊహ. చెక్కుతుంటే ముంగాళ్లు బయటపడ్డాయి. ‘ప్రళయ సాక్షి’ ఒక మహాకాయ సాలమాండర్ అని తేలింది. తర్వాత ఆ జాతికి షాయ్‌ఖ్‌జర్ పేరే పెట్టారు.

షాయ్‌ఖ్‌జర్ మోసగాడు కాడు, వైద్యుడు. మనిషి ఎముకలు ఎలా ఉంటాయో బాగా తెలిసినవాడు. అయినా ఉభయచరం పుర్రెలో మనిషి మొహం చూశాడు. ఏం కనిపించాలో ముందే నిశ్చయించుకున్న కంటికి అదే కనిపిస్తుంది. కువియే చేసిన పనిలోని తేడా చిన్నది, కానీ కీలకమైంది. తాను చెప్పేది తప్పయితే ఆ తప్పు ఎక్కడ బయటపడుతుందో ముందుగా చెప్పి, సరిగ్గా అక్కడే ఉలి పెట్టాడు.

దుమ్ములగొండికి పెట్టిన బొమిక

కిర్క్‌డేల్‌లో బక్‌లాండ్ పాక్కుంటూ లోపలికి వెళ్లి ఎముకల్ని ఒక్కొక్కటే పరీక్షించాడు. ఏనుగు, ఖడ్గమృగం, నీటిఏనుగు, జింక, నీటి ఎలుక, వీటన్నిటి ఎముకలూ ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా ఉన్నవి దుమ్ములగొండి పళ్లు. వరద తెచ్చిన ఎముకలైతే దొర్లి దొర్లి అన్ని పక్కలా నునుపు తేలాలి. ఇవి ఒక్క పక్కనే నునుపుగా ఉన్నాయి. ఏవో జంతువులు ఏళ్ల తరబడి వాటి మీద నడిచి, పొర్లి ఉంటే పైకి ఉన్న పక్క అలా అరుగుతుంది. చాలా ఎముకలకు రెండు కొసలూ లేవు, ఎవరో కొరికేసినట్టున్నాయి. పైగా ఏనుగు కళేబరం ఆ కన్నంలో దూరే ప్రసక్తే లేదు.

వీటి మధ్య తెల్లటి చిన్న ఉండలు దొరికాయి. బక్‌లాండ్ వాటిని లండన్‌లోని ఒక జంతుప్రదర్శనశాల కాపలాదారుకు చూపించాడు. రోజూ పంజరాలు ఊడ్చే మనిషికి ఆలోచించాల్సిన పని లేకపోయింది: ఇది దుమ్ములగొండి పెంట. రసాయన పరీక్ష కూడా, ఎముకలు తిని బతికే జంతువు విసర్జించిందేనని చెప్పింది. ఆ తర్వాత ఒక సంచార జంతుప్రదర్శనలో ఉన్న దుమ్ములగొండికి బక్‌లాండ్ ఎద్దు కాలి బొమిక వేయించి, అది కొరికి వదిలేసిన ముక్కల్ని ఏరుకొచ్చి గుహ ఎముకల పక్కన పెట్టి చూశాడు. పళ్ల గాట్లు కలిశాయి. తినకుండా వదిలేసిన భాగాలూ కలిశాయి. ఆ గుహ దుమ్ములగొండ్ల కాపురం. అవి తరతరాలు అక్కడే ఉండి, చుట్టుపక్కల చచ్చిన ఏనుగులనూ ఖడ్గమృగాలనూ ముక్కలుగా ఈడ్చుకొచ్చి తిన్నాయి. అంటే ఆ జంతువులన్నీ ఇంగ్లండ్‌లోనే బతికాయి. వాటిని ఏ ప్రళయమూ ఎక్కడి నుంచో మోసుకురాలేదు.

ఈ పనికి రాయల్ సొసైటీ 1822లో కోప్లీ పతకం ఇచ్చింది. గుహలో దూరుతున్న బక్‌లాండ్‌ను లోపలి దుమ్ములగొండ్లు వింతగా చూస్తున్నట్టు అతని మిత్రుడు, మరో చర్చి గురువైన విలియం కానీబేర్ వ్యంగ్యచిత్రం గీశాడు.

అయితే బక్‌లాండ్ ప్రళయాన్ని వదిలిపెట్టలేదు. ఎముకల్ని కప్పేస్తూ ఒక బురద పొర ఉంది. దాని మీద పలచటి సున్నపు పెచ్చు ఉంది. ఎముకలు ప్రళయానికి ముందువి, బురద మాత్రం ప్రళయానిదే, సున్నం ఇంత పలచగా ఉందంటే బురద చేరి కొన్ని వేల ఏళ్లకు మించదు అని వాదించాడు. ఆర్మా ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో బైబిల్ వంశావళుల్ని కూడి సృష్టి క్రీ.పూ. 4004లో, ప్రళయం క్రీ.పూ. 2348లో అని కట్టిన లెక్క 1701 నుంచీ ఇంగ్లిష్ బైబిళ్ల మార్జిన్లలో అచ్చవుతూనే ఉంది. సృష్టికి ఆ తేదీని బక్‌లాండ్ పట్టించుకోలేదు. అతని దృష్టిలో భూమి ఎంతో పాతది. ఇటీవలి ప్రళయం ఒక్కటి మాత్రం నిలబడితే చాలనుకున్నాడు. 1823లో దీని మీదే పెద్ద పుస్తకం వేశాడు.

ఎర్ర దొరసాని

అదే 1823 జనవరిలో బక్‌లాండ్ వేల్స్ సముద్రతీరంలో పావిలాండ్ గుహ తవ్వాడు. ఎర్రమట్టి పులిమిన మానవ అస్థిపంజరం ఒకటి బయటపడింది. పక్కన చిల్లులు పెట్టిన గవ్వలు, దంతంతో చేసిన కడ్డీలు, ఉంగరాలు. ఆ దగ్గరలోనే మామత్ (అంతరించిన ఏనుగు జాతి) పుర్రె. కిర్క్‌డేల్‌లో పనిచేసిన పద్ధతే ఇక్కడా పాటిస్తే వరస తిన్నగా ఉండాలి: మామత్, దాని దంతం, ఆ దంతాన్ని చెక్కిన మనిషి, అందరూ ఒకే కాలంవాళ్లు.

అతను అలా అనలేకపోయాడు. ప్రళయానికి ముందు బ్రిటన్‌లో మనుషులుండరని అతని నమ్మకం. అందుకని ఆ ఎముకలు రోమన్ల కాలంనాటి స్త్రీవి అన్నాడు. దంతం నగల మాటేమిటంటే, గుహలో అప్పటికే పడి ఉన్న పాత దంతాన్ని ఆ కాలంవాళ్లు తవ్వుకుని చెక్కుకున్నారన్నాడు. ‘పావిలాండ్ ఎర్ర దొరసాని’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ దొరసాని నిజానికి ఒక యువకుడు. నేటి రేడియోకార్బన్ పరీక్షల ప్రకారం అతను పాతిపెట్టబడింది సుమారు 33,000 ఏళ్ల కిందట.

రెండు గుహలు తవ్విందీ ఒక్కడే, కాలమూ ఒకటే, పద్ధతీ ఒకటే. కిర్క్‌డేల్‌లో ఎముకలు అతని ఊహను కొట్టేస్తే ఒప్పుకున్నాడు. పావిలాండ్‌లో నమ్మకం అడ్డొస్తే ఎముకలకే వేరే కథ కట్టాడు. విజ్ఞానం తెలిసినవాడు, నమ్మకం ఉన్నవాడు అని మనుషుల్ని రెండు గదుల్లో పెట్టడం ఎందుకు కుదరదో ఇక్కడ కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే చొక్కాలో ఉంటారు. అందుకే ఏ ఒక్కడి నిజాయితీ మీదా ఆధారపడకుండా, ఒకడి తప్పును ఇంకొకడు పట్టుకునే ఏర్పాటు కావాలి.

చెప్పిన మాట వెనక్కి తీసుకున్న రోజు

ఆ పట్టుకోవడం మొదలుపెట్టిన తొలివాళ్లలో స్కాట్లండ్ చర్చి గురువు జాన్ ఫ్లెమింగ్ ఒకడు. 1826లో అతను బైబిలును చేతపట్టుకునే బక్‌లాండ్‌ను నిలదీశాడు. మీరు చెప్పే ప్రళయం లోయల్ని తవ్వింది, బండల్ని విసిరింది, జంతుజాతుల్ని తుడిచిపెట్టింది. ఆదికాండంలో నీళ్లు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గాయి. పావురం ఒలీవ ఆకు తుంచుకొచ్చింది, అంటే చెట్టు నిలిచే ఉంది. జాతులన్నీ ఓడలో బతికిపోయాయి. మీరు చూపిస్తున్నది నోవహు ప్రళయమే అయితే నోవహు కథ తప్పవ్వాలి! విశ్వాసిగా అతనికి ఇబ్బంది కలిగించింది భూవిజ్ఞానం కాదు, గ్రంథంలో లేనిదాన్ని గ్రంథం పేరుతో చెప్పడం.

ఈలోగా దేశమంతా తిరిగి గులకరాళ్ల మేటల్ని పరిశీలిస్తున్నవాళ్లకు అసలు చిక్కు అర్థమైంది. ప్రళయపు మేట అని ఒకటిగా పిలిచినవి ఒకే కాలానివి కావు. ఈ లోయలోది ఒకప్పటిది, ఆ లోయలోది వేరొకప్పటిది. లోకమంతా ఒకేసారి మునిగి ఉంటే అన్ని చోట్లా ఒకే పొర దొరకాలి. అలాంటి పొర లేదు. మనుషులు కూడా మునిగారు గనక వాళ్ల ఎముకలు వాటిలో దొరకాలి. అవీ లేవు.

1831 ఫిబ్రవరిలో ఆడం సెడ్జ్‌విక్ లండన్ జియలాజికల్ సొసైటీ అధ్యక్ష పదవి నుంచి దిగిపోతూ ప్రసంగించాడు. ఇతనూ చర్చి గురువే, కేంబ్రిడ్జిలో భూవిజ్ఞాన ఆచార్యుడు. ప్రళయ సిద్ధాంతాన్ని శక్తికొద్దీ సమర్థించినవాడు. తాను నమ్మి, ప్రచారం చేసిన ఆ అభిప్రాయం పొరపాటని, వేర్వేరు కాలాల మేటల్ని తొందరపడి ఒకే ప్రళయానికి అంటగట్టామని, కుర్చీ వదిలేముందు ఆ మాట బహిరంగంగా వెనక్కి తీసుకోవడం తన ధర్మమని చెప్పాడు. ఎవరూ బలవంతం చేయలేదు, విచారణలు జరగలేదు. 1836లో బక్‌లాండ్ కూడా తన కొత్త గ్రంథంలో ఒక పాదసూచికలో ఆ వాదన ఉపసంహరించుకున్నాడు.

మరి ఆ గులకరాళ్లూ బండరాళ్లూ ఎవరివి? ఇంగ్లండ్ వాయవ్యాన షాప్ అనే చోట పుట్టిన గులాబీరంగు గ్రానైట్ బండలు కొండలు దాటి యార్క్‌షైర్‌లో తేలాయి. ఏ నీటి ప్రవాహమూ వాటిని కొండ ఎక్కించలేదు. 1837లో స్విట్జర్లండ్‌లో లూయీ అగాసీ, ఒకప్పుడు యూరప్‌ను హిమానీనదాలు కప్పేశాయని ప్రతిపాదించాడు. 1840లో బక్‌లాండ్ అతన్ని వెంటబెట్టుకుని స్కాట్లండ్ కొండలన్నీ తిరిగాడు. రాతి మీద మంచు గీసిన గీతల్ని కళ్లారా చూసి, తను ప్రళయానికి రాసిచ్చిన ఆస్తిలో చాలాభాగం మంచుకు తిరిగి రాసిచ్చాడు. ఇక కిర్క్‌డేల్ నీటిఏనుగులు బతికింది రెండు మంచుయుగాల మధ్య వచ్చిన వెచ్చని కాలంలో, సుమారు 1,20,000 ఏళ్ల కిందట.

ఇంత జరిగినా బక్‌లాండ్ నాస్తికుడు కాలేదు. 1845లో వెస్ట్‌మినిస్టర్ ఆబీకి డీన్ అయ్యాడు. సెడ్జ్‌విక్ జీవితాంతం చర్చి పదవిలోనే ఉన్నాడు. ప్రళయపు పొర లేదని తేలితే దేవుడు లేడని తేలినట్టేనని వాళ్లిద్దరూ అనుకోలేదు.

బేతంచెర్ల గుహల దాకా

గుహలు తవ్వే ఆ ఉత్సాహం మన నేల దాకా వచ్చింది. ఇప్పటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో ఎముకలున్నాయని మద్రాసు సైన్యంలోని కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో ప్రకటించాడు. 1883–84లో, ఇంగ్లండ్ నుంచి జీవశాస్త్రవేత్త హక్స్‌లీ ప్రోత్సాహంతో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వకాలు చేపట్టాడు. సైన్యంలో ఉన్న అతని కొడుకు ఆ పని చాలావరకు దగ్గరుండి చూశాడు. ఎన్నో జంతువుల అవశేషాలు బయటపడ్డాయి. కర్నూలు ప్రాంతంలో ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయని మనకు తెలిసింది ఆ ఎముకల వల్లే.

బ్రూస్ ఫుట్ అంటే 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో పాతరాతియుగపు గొడ్డలిని గుర్తించినవాడు. కిర్క్‌డేల్‌కూ బిల్లసర్గానికీ మధ్య అరవై ఏళ్లలో గుహను అడిగే ప్రశ్నే మారిపోయింది. ప్రళయపు బురద ఎక్కడ అని ఇక్కడ ఎవరూ వెతకలేదు. ఈ జంతువులతో కలిసి మనుషులు ఎంత కాలం కిందట బతికారని వెతికారు. పావిలాండ్‌లో బక్‌లాండ్ అడగలేకపోయిన ప్రశ్న అదే.

నీళ్ల లెక్క, మట్టిపలకల సాక్ష్యం

ఆదికాండం లెక్కన ఎత్తయిన కొండల మీద కూడా పదిహేను మూరల నీరు నిలిచింది. అక్షరాలా తీసుకుంటే ఎంత నీరు కావాలి? భూమి ఉపరితలం 51 కోట్ల చదరపు కిలోమీటర్లు, ఎవరెస్ట్ ఎత్తు 8,849 మీటర్లు. సుమారు 450 కోట్ల ఘన కిలోమీటర్ల నీరు అదనంగా కావాలి. ఇప్పుడున్న సముద్రాలన్నీ కలిపితే దాదాపు 133 కోట్లే. గాలిలోని తేమంతా ఒక్కసారిగా కురిసినా సగటున నేల మీద నిలిచేది 25 మిల్లీమీటర్లు. భూమ్మీది మంచంతా కరిగితే సముద్రం లేచేది 70 మీటర్ల లోపే.

2014లో బ్రెజిల్ వజ్రం ఒకదానిలో చిక్కుకున్న రింగ్‌వుడైట్ అనే ఖనిజంలో నీరుందని ప్రకటించినప్పుడు, ఆదికాండంలోని అగాధజలాల ఊటలు దొరికాయని సంబరపడినవాళ్లున్నారు. అయిదారు వందల కిలోమీటర్ల లోతున ఉన్న ఆ నీరు బావిలో నీరులా ఉండదు. ఖనిజం అణునిర్మాణంలోనే బంధించబడి ఉంటుంది. పైకి ఉబికి వచ్చేందుకు అక్కడ ఊటలు లేవు.

కాలం లెక్క కూడా కుదరదు. గీజా మహాపిరమిడ్ కట్టింది సుమారు క్రీ.పూ. 2560 ప్రాంతంలో. అషర్ చెప్పిన ప్రళయం దాని తర్వాత రెండు వందల ఏళ్లకు వచ్చి ఉండాలి. ఈజిప్టువాళ్లు మాత్రం మునిగిన దాఖలా లేకుండా సమాధులు కట్టుకుంటూ, రాతలు రాసుకుంటూ పోయారు.

అయితే కథంతా గాలిలోంచి పుట్టిందా? 1872 డిసెంబరు 3న లండన్‌లో జార్జ్ స్మిత్ చదివిన వ్యాసం ఇంకో తలుపు తెరిచింది. నోట్ల ముద్రణకు అచ్చులు చెక్కే పని నుంచి బ్రిటిష్ మ్యూజియంకు వచ్చిన స్మిత్, నినెవే శిథిలాల్లో దొరికిన మట్టిపలకల మీది రాత చదవడం తనంతట తాను నేర్చుకున్నాడు. ఒక పలకలో ఓడ, తుపాను, కొండ మీద ఆగిన నావ, నేల చూసి రమ్మని వదిలిన పక్షులు కనిపించాయి. అది గిల్గమేష్ కావ్యంలోని ప్రళయ ఘట్టం. ఆ కథకు అంతకంటే పాత రూపాలు కూడా తర్వాత దొరికాయి. వాటిలో కొన్ని క్రీ.పూ. పదిహేడో శతాబ్దం నాటివి. హెబ్రీ రచయితలు ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన కథను తీసుకుని తమ దేవుని స్వభావం చెప్పడానికి వాడుకున్నారని ఇప్పుడు చాలామంది బైబిల్ పండితుల అభిప్రాయం. బాబిలోను కథలో దేవతలు మనుషుల గోల భరించలేక ముంచుతారు. ఆదికాండంలో దేవుడు హింసను చూసి ముంచుతాడు, తర్వాత నిబంధన చేస్తాడు. కథ పాతది, తీర్పు కొత్తది.

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మైదానంలో ఊళ్లను ముంచేసిన వరదలు నిజంగానే వచ్చాయి. 1929లో పురావస్తు శాస్త్రవేత్త లియొనార్డ్ వూలీ ఊర్ నగరంలో తవ్వుతూ, మీటర్ల మందాన మనుషుల ఆనవాలే లేని మెత్తటి మేట కనుగొని, ప్రళయం దొరికిందని చాటాడు. కానీ ఊర్‌కు దగ్గర్లోనే ఉన్న ఎరిడులో ఆ పొర లేదు. కీష్‌లో దొరికిన వరద మేట వేరే కాలానిది. అవి లోకాన్ని ముంచిన వరదలు కావు. ఆ ఊరివాళ్లకు ఊరే లోకమైతే మాట వేరు.

బైబిల్లోని ప్రతి వాక్యానికీ ఇదే గతి పడుతుందనుకోవడమూ పొరపాటే. యూదా రాజు హిజ్కియా యెరూషలేముకు నీళ్లు తెప్పించాడని రాజుల గ్రంథం చెబుతుంది. కొండను రెండు వైపుల నుంచీ తొలుచుకుంటూ వచ్చిన పనివాళ్లు మధ్యలో కలుసుకున్న వైనం చెప్పే శాసనం ఆ సొరంగం గోడ మీదే 1880లో దొరికింది. దావీదు వంశం పేరున్న శిలాశాసనం 1993లో తేల్ దాన్‌లో బయటపడింది. ఏ వాక్యానికి ఆ వాక్యం విడిగా పరీక్షకు నిలబడాలి. ఒకటి నిలిచిందని అన్నీ నిలవవు, ఒకటి పడిందని అన్నీ పడవు.

సంతకం ముందు, పరిశోధన తర్వాత

సెడ్జ్‌విక్ మాట వెనక్కి తీసుకున్నాక భూవిజ్ఞానంలో ప్రపంచ ప్రళయం ముగిసిన అధ్యాయం. అది మళ్లీ తెరుచుకుంది ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో. 1961లో వేదాంతి జాన్ విట్‌కాంబ్, హైడ్రాలిక్ ఇంజనీరు హెన్రీ మోరిస్ కలిసి రాసిన పుస్తకం, శిలాజాలున్న రాతి పొరల్లో చాలాభాగం ఒకే ఏడాది ప్రళయంలో ఏర్పడిందని వాదించింది. 1963లో ఏర్పడిన క్రియేషన్ రీసెర్చ్ సొసైటీలో సభ్యత్వం కావాలంటే ఒక విశ్వాస ప్రకటన మీద సంతకం చేయాలి. నోవహు ప్రళయం ప్రపంచవ్యాప్తంగా జరిగిన చారిత్రక ఘటన అని ఒప్పుకోవడం అందులో భాగం.

బక్‌లాండ్‌కూ వీళ్లకూ ఉన్న తేడా భక్తిలో లేదు, ఆ సంతకంలో ఉంది. బక్‌లాండ్ కూడా ప్రళయాన్ని నమ్మే గుహలోకి దిగాడు. కానీ గుహ వేరేగా చెబితే వినే వీలు ఉంచుకున్నాడు. పావిలాండ్‌లో ఆ వీలును అతను వాడుకోలేకపోయినా తలుపు మూయలేదు. కాబట్టే తర్వాతివాళ్లు అతన్ని సరిదిద్దగలిగారు. సంతకం చేసినవాడు ఏ గుహలో దిగినా పైకి వచ్చేది ఒక్క జవాబుతోనే.

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం 1981లో ‘సృష్టి విజ్ఞానా’నికి బడుల్లో సమాన సమయం ఇవ్వాలని చట్టం చేసింది. దాని మీద కోర్టుకెక్కినవాళ్ల జాబితాలో మొదటి పేరు చర్చి గురువు బిల్ మెక్‌లీన్‌ది. ఆయన వెంట పలు సంఘాల బిషప్పులూ ఉన్నారు. 1982 జనవరిలో జడ్జి ఆ చట్టాన్ని కొట్టేశాడు. ఆ గురువుల బాధ ఫ్లెమింగ్ బాధకు దగ్గరి చుట్టం: విశ్వాసాన్ని సైన్సు పుస్తకంలో ఇరికిస్తే నష్టపోయేది ముందు విశ్వాసమే. అయిదో శతాబ్దం మొదట్లో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఇదే హెచ్చరిక చేశాడు. ఆకాశం గురించీ భూమి గురించీ తెలిసినవాళ్ల ముందు క్రైస్తవుడు గ్రంథం పేరు చెప్పి తెలియని మాటలు మాట్లాడితే, వాళ్లు నవ్వేది అతన్ని చూసి మాత్రమే కాదు, గ్రంథాన్ని చూసి కూడా అని. విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్కకట్టిన జార్జ్ లెమెత్ర్ కాథలిక్ గురువు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతంలో సృష్టికి రుజువు చూడబోతే, లెమెత్ర్‌కే అది నచ్చలేదు.

అవతలి పక్షపు తప్పు

శాస్త్రవేత్తల పక్షమూ నిష్కళంకం కాదు. 1923లో జె. హార్లెన్ బ్రెట్జ్ అనే అమెరికన్ భూవిజ్ఞాని, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎండు లోయల్ని, వాటి గోడలకు వేలాడే పాత జలపాతాల గుర్తుల్ని పరిశీలించి, ఇవి ఒక మహావరద తవ్వినవని రాశాడు. తోటివాళ్లు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. ప్రకృతి మెల్లమెల్లగానే పనిచేస్తుందన్న సూత్రం వాళ్లకు ఒంటబట్టిపోయింది. పెద్ద వరద అనగానే నోవహు మళ్లీ దొడ్డిదారిన వస్తున్నాడన్న అనుమానమూ లేకపోలేదు. చివరికి, మంచు ఆనకట్ట తెగి మిజూలా అనే ప్రాచీన సరస్సు ఒక్కసారిగా ఖాళీ కావడమే కారణమని, అది ఎన్నోసార్లు జరిగిందని తేలింది. 1979లో బ్రెట్జ్‌కు పెన్రోజ్ పతకం ఇచ్చేనాటికి ఆయనకు తొంభై అయిదేళ్లు దాటాయి.

అంటే ప్రళయం ఉందన్న ముందస్తు నమ్మకం పావిలాండ్‌లో ఎలా అడ్డుపడిందో, ప్రళయాలు ఉండవన్న ముందస్తు నమ్మకం వాషింగ్టన్ లోయల్లో అలాగే అడ్డుపడింది. రెండు చోట్లా దారి తీసింది నేలే. విజ్ఞానం గొప్పతనం శాస్త్రవేత్తలకు నమ్మకాలు లేకపోవడంలో లేదు. ఎంత మొండి నమ్మకమైనా ఒకనాడు నేల ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి రావడంలో ఉంది.

అడగవలసిన ప్రశ్న

బైబిల్ చెప్పే మాటలన్నీ ఒక తరగతివి కావు. లోకమంతా ఫలానా కాలంలో మునిగిందన్నది నేలను అడిగి తేల్చుకోదగ్గ మాట. అడిగారు, లేదని వచ్చింది. హింసతో నిండిన లోకం తన నాశనాన్ని తానే తెచ్చుకుంటుందన్నది, నీతిగా బతికినవాడికి ఒక నిబంధన తోడుంటుందన్నది వేరే తరగతి. వాటిని ఏ బురద పొరా రుజువు చేయలేదు, కొట్టేయనూ లేదు. వాటిని నమ్మడమో మానడమో మనిషి తన బతుకును చూసుకుని తేల్చుకునేది. మొదటి తరగతి మాటను రెండో తరగతి గౌరవంతో కాపాడాలని చూసినప్పుడల్లా రెండూ దెబ్బతిన్నాయి.

ఇది క్రైస్తవులకే పరిమితమైన చిక్కు కాదు. మనువునూ చేపనూ ఓడనూ కలిపే ప్రళయగాథ శతపథ బ్రాహ్మణంలో ఉంది. పోతన భాగవతం చదివిన తెలుగువాళ్లకు మత్స్యావతారం చిన్నప్పటి కథ. దానికీ భూవిజ్ఞాన రుజువులు వెతికేవాళ్లున్నారు. కాబట్టి అరారాతు కొండ మీద ఓడ దొరికిందన్న వార్త వచ్చినా, సముద్రం అడుగున పురాణ నగరం దొరికిందన్న వార్త వచ్చినా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఏం బయటపడితే మీరు ఈ మాట వదులుకుంటారు? జవాబు ఉన్నవాడు ఏ మతంవాడైనా పరిశోధన చేస్తున్నట్టే, అతనితో కలిసి తవ్వవచ్చు. ఏం బయటపడినా వదులుకోను అన్నవాడు తన విశ్వాసం సంగతి చెబుతున్నాడు. దాన్ని విశ్వాసంగా గౌరవించవచ్చు. బడిపిల్లల సైన్సు పుస్తకంలో మాత్రం దానికి చోటు లేదు.